మేఘమాలతో చెప్పుకున్న మాట: ‘మల్లీశ్వరి’లోని ఎడబాటు పాట

తెలుగు సినిమాలలో ఆడ గొంతు, మగ గొంతు కలిసి పాడే పాటలకు లెక్క లేదు. తోటలో పాడేవి, పడవలో పాడేవి, వెన్నెలలో పాడేవి, అన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ఇద్దరూ ప్రక్కప్రక్కన నిలబడతారు, ఒకరి మాటను ఒకరు అందుకుంటారు. ఇద్దరూ చెరొక చోట ఉండి, ఒకరి పాట ఒకరికి వినబడకుండా పాడే యుగళగీతాలు మాత్రం చాలా తక్కువ. అటువంటి వాటిలో అన్నిటికంటె పేరు పొందినది 1951 డిసెంబరు 20న విడుదలైన ‘మల్లీశ్వరి’లోని ‘ఆకాశవీధిలో’ అన్న పాట. డెబ్బది ఏళ్ళు దాటినా అది వాడిపోలేదు. మన ద్వీపంలో తెలుగు మాట్లాడడం రానివారిలో కూడా ఈ వరుస వినగానే గుర్తుపట్టి తల ఊపేవారున్నారు.

ఈ పాట గురించి వ్రాయడానికి ఒక కారణం ఉంది. క్రిందటి ఏడు ఉగాది కార్యక్రమం ఏర్పాటు చేసేటప్పుడు మా సాయంకాలపు బడి పిల్లలచేత ఈ పాట పాడిద్దామని మేము అనుకున్నాము. కొందరు పెద్దలు ఒప్పుకోలేదు. త్యాగరాజు కీర్తన ఉంది, రామదాసు కీర్తన ఉంది, అన్నమయ్య పదం ఉంది, పిల్లలకు సినిమా ప్రేమపాట ఎందుకని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. పెద్దలు అడిగినదానికి ఆ సాయంత్రం సభలో రెండు మాటలలో చెప్పగలిగినంత చెప్పాము. అది చాలలేదు. మిగిలినది ఇక్కడ చెబుతున్నాము.

ముందుగా కథ. సినిమా చూడని మన యువకుల కోసం కాస్త వివరంగానే చెప్పాలి. విజయనగర రాజ్యంలో ఒక పల్లె. అక్కడ నాగరాజు, మల్లీశ్వరి బావామరదళ్ళు. చిన్ననాటినుండి కలిసి పెరిగినవారు. అతడికి రాయి చెక్కే విద్య తెలుసు, చేతిలో డబ్బు లేదు. ఒకసారి సంతకు పోయి వస్తూ వానకు ఒకచోట ఆగుతారు. అక్కడ మల్లి సరదాగా ఆడి పాడుతుంటే మారువేషంలో తిరుగుతున్న కృష్ణదేవరాయలు చూస్తాడు. అతడెవరో తెలియని నాగరాజు వేళాకోళానికి, రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకి పంపించమని అంటాడు. నవ్వుకు అన్న మాట అది. మల్లి తల్లి నాగమ్మకు బీద అల్లుడు ఇష్టం లేదు. ఆమె మాటలు పడలేక నాగరాజు డబ్బు సంపాదించుకొని వస్తానని ఊరు విడిచి పోతాడు. అతడు తిరిగి వచ్చేలోగా నిజంగానే పల్లకి వస్తుంది. మల్లి రాణివాసానికి పోతుంది. రాణివాసంలో అడుగుపెట్టిన ఆడదానికి బయట మగవాడిని కలుసుకునే వీలు లేదు, కలుసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చివరకు రాయలవారు తన కరుణతో ఇద్దరినీ కలుపుతారు. ‘ఆకాశవీధిలో’ పాట వచ్చేది నాగరాజు ఊరు విడిచిపోయిన తరువాత, పల్లకి రాకముందు. ఇది మనసులో ఉంచుకోవాలి. పాడుతున్న ఇద్దరికీ పల్లకి వస్తోందని తెలియదు. చూస్తున్నవారికి మాత్రం ఆ వేళాకోళపు మాట గుర్తుంటుంది.

ఈ కథ ఒక్క చోటినుండి పుట్టలేదు. బుచ్చిబాబు వ్రాసిన ‘రాయలవారి కరుణకృత్యం’, ఇలస్ట్రేటెడ్ వీక్లీలో దేవన్ శరార్ వ్రాసిన ఒక ఇంగ్లీషు కథ, ఈ రెంటినుండి దర్శకుడు శ్రీ బి.ఎన్. రెడ్డి దారం తీసుకున్నారు. వీరు కడప జిల్లావారు, 1908లో పుట్టారు. వాహినీ సంస్థ ద్వారా 1939లో ‘వందేమాతరం’ తీసిన నాటినుండి నెమ్మదిగా, పట్టుదలగా చిత్రాలు తీసినవారు. 1974వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వీరికి లభించింది. దక్షిణాదివారిలో ఆ గౌరవం పొందిన మొదటివారు వీరే. 1977లో స్వర్గస్థులయ్యారు. ఈ చిత్రానికి మాటలు, పాటలు రెండూ వ్రాయడానికి ఆయన సినిమా ముఖం ఎరుగని ఒక కవిని పిలిచారు. ఆ కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి.

ఇక్కడ మన పాఠకులు కాస్త ఆగాలి. కృష్ణశాస్త్రిగారు 1897లో పుట్టినది పిఠాపురం దగ్గర. మన పూర్వులలో చాలామంది ఓడ ఎక్కినది కోరంగి రేవులో. పటం తీసి చూడండి. కాకినాడకు ఒక ప్రక్క పిఠాపురం, మరొక ప్రక్క కోరంగి. ఎడ్లబండి మీద కూడా పెద్ద ప్రయాణం కాదు. 1839 నవంబరులో వచ్చిన పెను తుఫాను కోరంగిని తుడిచిపెట్టినంత పని చేసింది. అయినా 1843లో ‘కోరింగా పాకెట్’ అన్న ఓడ అక్కడినుండి తెలుగు కూలీలను ఎక్కించుకొని మన ద్వీపానికి వచ్చింది. మనవారికి చాలాకాలం కోరంగీలని పేరు నిలిచిపోవడానికి ఆ రేవే కారణం. కవిగారు మనకు బంధువని మేము అనడం లేదు. మన ముత్తాతలు చివరిసారిగా విన్న తెలుగు, కృష్ణశాస్త్రిగారు తల్లి ఒడిలో విన్న తెలుగు, ఒకే గోదావరి ప్రాంతపు తెలుగు అని మాత్రం అంటున్నాము.

సంగీతం కూర్చిన సాలూరి రాజేశ్వరరావు 1922లో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. ఆనాడు అది విశాఖపట్నం జిల్లా. విశాఖపట్నం, గంజాం జిల్లాలనుండి ఓడలెక్కిన కుటుంబాలు మనలో ఎన్ని ఉన్నాయో వేరే చెప్పనక్కరలేదు. రాజేశ్వరరావు పసితనంలోనే పాటగాడు. 1935లో ‘శ్రీకృష్ణలీలలు’లో బాలకృష్ణుడి వేషం వేసి పాడారు. తరువాత కలకత్తా వెళ్ళి అక్కడి సంగీతం రుచి చూశారు. సైగల్, పంకజ్ మల్లిక్ పాడుతున్న రోజులవి. తిరిగి వచ్చి రావు బాలసరస్వతీదేవితో కలిసి గ్రామఫోను రికార్డులకు లలితగీతాలు పాడారు. కాబట్టి రెండు గొంతుల పాట ఆయనకు క్రొత్త కాదు. గాయకుడిగా రెండవ గొంతుకు ఎంత చోటు ఇవ్వాలో తెలిసిన మనిషి ఇక్కడ సంగీత దర్శకుడయ్యాడు.

‘మల్లీశ్వరి’ సంగీతానికి ఆరు నెలలు పట్టిందని చెబుతారు. వాద్యబృందం ఏర్పాటు అద్దేపల్లి రామారావు చూశారు. ‘ఆకాశవీధిలో’ ఒకే రాగంలో నడిచే పాట కాదు, రాగమాలిక. భీంపలాస్‌లో మొదలవుతుంది. తరువాత కళంగడ, కీరవాణి, హంసానంది రాగాలు వస్తాయి. సంగీతం తెలియని మా వంటివారికి ఈ పేర్లు చెవికి తగిలి పోతాయి గాని, రాగం మారడం వలన కలిగే ఫలితం ఎవరికైనా అందుతుంది. చరణం మారినప్పుడల్లా ఆకాశం రంగు మారినట్లుంటుంది. మొదటి వరుసలో ఆశ ఉంది. నడుమ దిగులు వస్తుంది. చివరకు వచ్చేసరికి ఏడుపు దాచుకోవడం చేతకాదు. ఒకే రాగంలో ఉంచి ఉంటే పాట బహుశా ఇంకా తీయగా ఉండేదేమో. కాలం గడుస్తున్నదన్న భావం మాత్రం కలిగేది కాదు. రోజులు గడిచిపోవడమే గదా ఎడబాటు.

పాడినవారు ఘంటసాల వెంకటేశ్వరరావు, భానుమతి. ఘంటసాల కూడా 1922లోనే, కృష్ణాజిల్లాలో పుట్టారు. విజయనగరం సంగీత కళాశాలలో చదివారు. అక్కడ ఆయనకు గురువు పట్రాయని సీతారామశాస్త్రి, సాలూరువారు. 1942 ఉద్యమంలో జైలుకు వెళ్ళివచ్చారు. 1945లో బి.ఎన్. రెడ్డిగారే తీసిన ‘స్వర్గసీమ’లో మొదటిసారి సినిమాకు పాడారు. అదీ భానుమతితో యుగళంగానే. ఆరేళ్ళ తరువాత అదే దర్శకుడి చిత్రంలో అదే ఇద్దరూ మళ్ళీ కలిశారు. భానుమతి ఒంగోలు దగ్గర దొడ్డవరంలో 1925లో పుట్టారు. తన పాట తానే పాడుకునే నటి. ఇతరుల గొంతుకు పెదవులు కదిపే అలవాటు ఆమెకు లేదు. ఆమె గొంతులో కొంచెం కరుకుదనం ఉంటుందని కొందరంటారు. మాకు ఆ కరుకుదనమే ఇష్టం. మల్లి పల్లెటూరి పిల్ల, మేడలో పెరిగిన చిలుక కాదు.

ఒక చిన్న సంగతి. తెర మీద మల్లిని చూస్తే ఆ ముఖం, ఆ గొంతు ఒకే మనిషివి. నాగరాజును చూస్తే ముఖం ఎన్.టి. రామారావుది, గొంతు ఘంటసాలది. పరదేశం పోయినవాడి మాట మరొకరి నోటినుండి వచ్చింది. మన ముత్తాతలు ఊరికి ఉత్తరం పంపాలంటే వ్రాయడం వచ్చినవారి దగ్గర కూర్చొని చెప్పి వ్రాయించుకునేవారు గదా, అది జ్ఞాపకం వస్తుంది. సినిమావారు ఇది తలచుకొని చేయలేదు. అది ఆ కాలపు పద్ధతి, అంతే. ఇంకొక పద్ధతి కూడా చెప్పాలి. ఇప్పటివలె ఒకరు ఒక ఊళ్ళో, మరొకరు ఇంకొక ఊళ్ళో పాడి, తరువాత యంత్రంలో కలపడం అప్పట్లో లేదు. వాద్యాలవారు, గాయకులు ఒకే శాలలో కూడి పాట పూర్తి చేయడం ఆనాటి రివాజు. విడిపోయిన ఇద్దరి పాటకు కూడా దారి అదే.

ఇక పాటలో ఏముంది? మల్లి ఆకాశంలో పోతున్న మేఘాన్ని పిలిచి తన బావ ఎక్కడ ఉన్నాడో తెలిస్తే పోయి రమ్మంటుంది. వేరొకచోట నాగరాజు అదే మేఘాన్ని పిలిచి, మా ఊరి గుడి మీదుగా వచ్చావా, మల్లి కబురు ఏమైనా తెచ్చావా అని అడుగుతాడు. మళ్ళీ ఆమె, మళ్ళీ అతడు. ఇద్దరూ ఒక్కసారి కూడా గొంతు కలపరు. చివరి మాట మల్లిది. తన కన్నీటిని గుండెలో దాచుకొని పోయి బావ ముందు వానగా కురవమని, అదే ఆనవాలని మేఘాన్ని వేడుకుంటుంది.

ఈ పాటను ఎన్నోసార్లు విన్న తరువాతగాని మాకు ఒక విషయం తట్టలేదు. ఇద్దరి ప్రశ్నలూ ఒకటి కావు. ఆమె అడిగేది ‘ఎక్కడ’ అని. అతడు అడిగేది ‘ఏమంటున్నది’ అని. అతడికి మల్లి ఉన్న ఊరు తెలుసు, వీధి తెలుసు, గుడి తెలుసు. కళ్ళు మూసుకుంటే అన్నీ కనబడతాయి. ఆమెకు అతడు ఉన్న చోటు పేరు కూడా తెలియదు. పోయినవాడికి ఉన్నచోటు తెలుసు, ఉన్నదానికి పోయినచోటు తెలియదు. ఎడబాటులో ఇద్దరి బాధా సమానమని మనం అనుకుంటాము. కృష్ణశాస్త్రి ఆ సమానత్వాన్ని నెమ్మదిగా, మాట పైకి రానీయకుండా విడదీశారు.

మేఘంచేత కబురు పంపడం కాళిదాసు నాటి మాట. ‘మేఘసందేశం’లో యక్షుడు శాపవశాన రామగిరి మీద ఏడాదిపాటు ఉండవలసివచ్చి, అలకాపురిలో ఉన్న భార్యకు మేఘంతో కబురు చెబుతాడు. అంత కావ్యంలోనూ మాట్లాడేవాడు యక్షుడే. ఆమె ఎట్లా చిక్కిపోయి ఉంటుందో, ఎట్లా వీణ మీద కన్నీరు కార్చుతుందో అంతా అతడి ఊహ. ఆమె ఒక్క మాటా మాట్లాడదు. మేఘం చేరిందో లేదో కూడా మనకు తెలియదు. కృష్ణశాస్త్రి సంస్కృతం బాగా చదివినవారు. ఆ కావ్యం మనసులో లేకుండా ఈ పాట వ్రాశారనుకోలేము. కాని ఆయన చేసిన మార్పు చూడండి. మొదటి మాట ఆడదానికి ఇచ్చారు. చివరి మాట కూడా ఆమెకే ఇచ్చారు. నడుమ మాత్రమే మగవాడు. యక్షుడి భార్య ఇంతకాలానికి నోరు తెరిచిందని మాకు అనిపిస్తుంది.

ఈనాటి పాటలలో ప్రేమికులు విడిపోతే ఒకరి మీద ఒకరు నేరం మోపుకోవడం చూస్తున్నాము. అన్ని భాషలలోనూ అంతే. ఆడగొంతు ఒక చరణంలో తన వాదన చెబుతుంది, మగగొంతు ఇంకొక చరణంలో తన వాదన. పాట న్యాయస్థానంలా ఉంటుంది, వినేవాడు తీర్పరి. అవి బాగుండవని మేము అనము. నిజమైన సంసారాలలో అట్లాగే జరుగుతుంది. కాని ‘ఆకాశవీధిలో’ అంతా వెతికినా నింద అన్నది దొరకదు. నన్ను విడిచి ఎందుకు పోయావని మల్లి అడగదు. మీ అమ్మ అన్న మాటలవల్ల పోయానని నాగరాజు అనడు. నాగమ్మ పేరే రాదు. సినిమా చూసినవారు చాలామంది నాగమ్మను తిడతారు. డబ్బు ఆశ పట్టిన తల్లి అంటారు. మాకెందుకో ఆమె మీద అంత కోపం రాదు. పస్తులు తెలిసిన తల్లి కూతురికి పస్తులు వద్దనుకుంటుంది. ఆమె తప్పు ఆశ పడడంలో లేదు, మాట విసరడంలో ఉంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాము. మన పూర్వులు గిర్మిటు మీద వచ్చినది అయిదేళ్ళకని. మొదటి రోజులలో నెలకు మగవాడికి అయిదు రూపాయలు, పైన బియ్యం, పప్పు, బట్ట. అయిదేళ్ళు పనిచేసి కొంత వెనకవేసుకొని ఊరికి పోవాలన్నది చాలామంది తలపు. నాగరాజు కూడా అట్లా అనుకొనే ఊరు విడిచాడు. తిరుగు ఓడ ఖర్చు మొదట ఒడంబడికలో ఉండేది. 1850ల తొలి ఏళ్ళలో ఆ హక్కు తీసివేశారు. ఇక ఎవరి డబ్బుతో వారు పోవాలి. చక్కెర తోటలో పనిచేసినవాడికి అంత డబ్బు ఎప్పుడు కూడుతుంది? పనికి రానిరోజు ఒకటైతే రెండు రోజుల కూలి కోసే పద్ధతి ఉండేది. దానికి ‘డబుల్ కట్’ అని పేరు. కొందరు పోయారు. చాలామంది పోలేదు. మనం ఇక్కడ ఉన్నామంటేనే మన తాతలు తిరిగిపోలేదని అర్థం.

మొదటి సంవత్సరాల ఓడలలో ఆడవారు చాలా తక్కువ. తరువాత తరువాత ప్రభుత్వం ఇంతమంది మగవారికి ఇంతమంది ఆడవారు ఉండాలని నియమం పెట్టింది. అంటే ఏమిటి? తొలి ఓడలలో వచ్చిన మగవారిలో ఎంతోమంది వెనుక ఊళ్ళో ఒక ఆడమనిషి నిలిచిపోయింది. భార్యో, కాబోయే భార్యో, తల్లో. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన వలస రిజిష్టర్లలో మన ముత్తాతల పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, వచ్చిన ఓడ, ఊరు అన్నీ వ్రాసి ఉన్నాయి. గుమాస్తాలకు తెలుగు రాక ఊరి పేర్లు వంకరటింకర అయినా, ఎంతో కొంత ఉంది. అక్కడికి పోయి తాతల ఆనవాలు తెచ్చుకొనని కుటుంబం మనలో తక్కువ. కాని ఆ రిజిష్టర్లలో ఓడ ఎక్కినవారే ఉన్నారు. ఓడ ఎక్కనివారికి రిజిష్టరు ఎవరు పెడతారు? ఒక మనిషి ఏ దేశం పోయాడో, ఎక్కడ ఉన్నాడో తెలియక, గుమ్మంలో నిలబడి ఏళ్ళతరబడి చూసినదాని మాట ఏ కాగితంలోనూ లేదు. మనం మన చరిత్ర అని చెప్పుకునేదంతా నాగరాజు చరణాలే. మల్లి చరణాలు మన దగ్గర లేవు.

మేము ఈ పాటను పిల్లలకు నేర్పాలనుకున్నది ఇందుకే. పెద్దలకు ఇది ప్రేమపాటగా తోచింది. నిజమే, ప్రేమపాటే. కాని దేశం విడిచిపోయినవారి పిల్లలకు, విడవనివారి గొంతు ఎట్లా ఉంటుందో చెప్పే పాట కూడా. సినిమావారు మన ద్వీపాన్ని తలచుకొని దీన్ని చేయలేదని మాకు తెలుసు. మనం విన్నప్పుడు మనకు వినబడేది మాత్రం మనదే.

ఈ పాట నేర్పడంలో మాకు ఎదురైన కష్టం రాగం కాదు, ‘బావ’ అన్న మాట. మా పిల్లలు ఇంట్లో క్రియోలు మాట్లాడతారు. క్రియోలులో మేనమామ కొడుకూ ‘కుజే’నే, పెదనాన్న కొడుకూ ‘కుజే’నే. అటువంటి పిల్లలకు పెదనాన్న కొడుకు అన్న అవుతాడని, మేనత్త కొడుకు బావ అవుతాడని, అక్క మొగుడూ బావే అవుతాడని చెప్పి ఒప్పించేసరికి ఒక పాఠం గంట అయిపోతుంది. ఒక పిల్ల, “అయితే మల్లికి అతడు చుట్టమా, ప్రియుడా టీచర్?” అని అడిగింది. రెండూ అన్నాము. ఆ జవాబు లేకపోతే ఈ పాట సగమే అర్థమవుతుంది. మల్లి ఎవరో దారిన పోయే అందగాడిని తలచుకొని ఏడవడం లేదు. పుట్టినప్పుడే తనకని పెద్దలు అనుకున్న మనిషి అతడు. మేనరికం అంటే హక్కు. తల్లి కాదన్నది కూతురి కోరికను మాత్రమే కాదు, ఇంటి మాటను. అందుకే మల్లి నోట ఆ పిలుపు వచ్చినప్పుడల్లా అందులో ముద్దు, నిలదీత రెండూ ఉంటాయి.

భాష విషయంలో మరొక మాట. మావంటివారు తెలుగు తల్లిదగ్గర నేర్వలేదు. పగలు వేరే బడి, సాయంత్రం పలక పట్టుకొని తెలుగు బడి. కృష్ణశాస్త్రి పుస్తకాలు తీస్తే మాలో చాలామందికి నిఘంటువు లేకుండా పుట తిరగదు. ఆయన 1925లో వెలువరించిన ‘కృష్ణపక్షం’ మేము మూడుసార్లు మొదలుపెట్టి మూడవసారి పూర్తిచేశాము. కాని ఆ కవే ఈ పాటకు వచ్చేసరికి ఊరు, గుడి, కళ్ళు, కన్నీరు, మాట, మనసు అన్న ఇంటి మాటలతో పని జరిపారు. ‘మ్రోల’ వంటి ఒకటి రెండు మాటలకు మాత్రం పిల్లలు ఆగుతారు. ఎదుట అని చెబితే సరిపోతుంది. ‘ఆనవాలు’ దగ్గర మేమే కాస్త ఎక్కువసేపు ఆగుతాము. సీతమ్మవారికి హనుమంతుడు చూపిన ఉంగరం ఆనవాలు, ఆమె ఇచ్చిన చూడామణి ఆనవాలు. మల్లి దగ్గర ఉంగరమూ లేదు, మణీ లేదు. ఉన్నది పంపింది.

ఈ కవికే 1963లో గొంతు జబ్బు చేసి మాట పోయింది. మంచి వక్తగా పేరు పొందిన మనిషి. ఆ తరువాత 1980లో చనిపోయేవరకు కాగితం మీద వ్రాసి చూపడమే ఆయనకు సంభాషణ. అయినా సినిమాలకు పాటలు వ్రాస్తూనే ఉన్నారు.

బడిలో భూగోళం కూడా చెప్పేవారము కాబట్టి మేఘం సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేము. మన ద్వీపంలో మే నెలనుండి అక్టోబరు దాకా ఆగ్నేయపు గాలి గట్టిగా వీస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ గాలికి మూలం మన దీవులకు దక్షిణాన సముద్రం మీద నిలిచే అధిక పీడనం. దానికి మన దీవుల పేరే పెట్టి మస్కరీన్ అధిక పీడనం అంటారు. ఆ గాలి ఉత్తరానికి పోయి, భూమధ్యరేఖ దాటి, ఆఫ్రికా తూర్పు తీరం దగ్గర మలుపు తిరిగి, అరేబియా సముద్రం మీద తడి నింపుకొని, జూన్ నెలలో నైరుతి ఋతుపవనమై భారతదేశం చేరుతుంది. గోదావరి జిల్లాలలో రైతు ఏరువాక సాగించేది ఆ వాన చూసుకొనే. ఇక్కడ కనబడిన మబ్బే అక్కడ కురుస్తుందని కాదు. గాలి దారి మాత్రం అదే. తోటలో చెరుకు నరుకుతూ తల ఎత్తి చూసిన మా ముత్తాతకు ఇది ఎవరూ చెప్పి ఉండరు.

పాట ఎట్లా వ్యాపించిందో కూడా రెండు మాటలు. రికార్డుల ద్వారా, తరువాత సిలోను రేడియో తెలుగు ప్రసారాల ద్వారా ఇటువంటి పాటలు ఆంధ్రదేశపు ఎల్లలు దాటాయి. సినిమాను 1953లో చైనాలో కూడా చూపించారు. రికార్డు తరువాత క్యాసెట్టు, క్యాసెట్టు తరువాత ఈనాడు చేతిలోని ఫోను. మా ఇంట్లో క్యాసెట్టు అరిగి, భానుమతిగారి గొంతు నడుమ కొంచెం వణికేది. మొన్న ఫోనులో శుభ్రంగా విన్నప్పుడు ఏదో తక్కువైనట్లు తోచింది. అది మా చెవుల అలవాటు.

పెద్దలతో చివరకు కుదిరిన ఒప్పందం ఇది. రాబోయే ఉగాదికి త్యాగరాజ కీర్తనతో కార్యక్రమం మొదలవుతుంది. ఈ పాట నడుమ వస్తుంది. వేషాలు, పల్లకీలు ఉండవు. ఆడపిల్లలు వేదికకు ఒక చివర, మగపిల్లలు ఇంకొక చివర నిలబడతారు. ఒకరివైపు ఒకరు చూడకూడదని చెప్పాము. చిన్నపిల్లలు గనుక నవ్వు ఆపుకోవడం కష్టంగానే ఉంది. పాట ప్రతి తెలుగు లిపిలో ఒక ప్రక్క, రోమను లిపిలో ఒక ప్రక్క వ్రాసి ఇస్తున్నాము. రోమను ప్రక్కనే చదివేవారు చదవవచ్చు, మాకు అభ్యంతరం లేదు.

పాఠకులను ఒక్కటి కోరుతున్నాము. మీ ఇళ్ళలో అవ్వలు, అమ్మమ్మలు రోలు దగ్గరో, పెళ్ళి పందిట్లోనో, చావు ఇంట్లోనో పాడిన పాటలలో ఓడ మీద పోయినవాడి కోసం ఆడది పాడినది ఏదైనా ఉంటే, ఒక్క ముక్కైనా సరే, వ్రాసి పత్రికకు పంపండి. తెలుగు వ్రాయడం రాకపోతే వినిపించినట్లే రోమను లిపిలో వ్రాయండి, లేదా ఫోనులో పాడి పంపండి. అర్థం తెలియకపోయినా ఫరవాలేదు. పాడినవారు ఏ తోటలో ఉండేవారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అది మాత్రం మరువకుండా చేర్చండి.